పెదవుల అసలు రంగు

మేకప్ గది, నాటకశాల వెనక వైపు
సోమవారం

పిచికకి,

నిన్న సాయంత్రం నిన్ను మళ్ళీ టీవీలో చూశాను. నువ్వు కాన్పుకి సెలవు పెట్టాక ఆ కుర్చీలో ఎవరెవరినో చూడలేక, వార్తల వేళకి టీవీ కట్టేసి విగ్గులు దువ్వుకుంటూ కూర్చునేదాన్ని. నిన్న మా మేనేజరు పరిగెత్తుకొచ్చి, రెండు చేతులూ ఊపుతూ తెర వైపు చూపించాడు. చూస్తే నువ్వు. ప్రాణం లేచొచ్చినట్టయింది.

శబ్దం మీట ఎప్పట్లాగే పూర్తిగా తగ్గించాను. పెంచినా ఒరిగేదేముంది? ముప్పై ఏళ్ళు స్టేజి పక్క స్పీకర్ల కింద కూర్చుని ముఖాలకి రంగులేసిన చెవులివి. ఇప్పుడు నా మీద అలిగి పని మానేశాయి. ఫోన్లో నువ్వు మాట్లాడినా, గోడ మాట్లాడినా నాకొకటే. అందుకే ఈ ఉత్తరాలు. దేశంలో నిన్న ఏం జరిగిందో నాకు తెలీదు గానీ నీ ముఖం మీద ఏం జరిగిందో అంతా తెలుసు.

ముందు దెబ్బలాడనీ. ఆ గులాబీ పౌడరు నీకు వేసిందెవరు? చామనఛాయ ముఖానికి గులాబీ వేస్తే లైట్ల కింద బూడిద కొట్టినట్టు కనబడుతుంది. బుగ్గల మీద మంగు వచ్చినట్టుంది కదూ? కాన్పయిన వాళ్ళలో చాలామందికి వస్తుంది, కంగారు పడకు. ఎండలోకి వెళ్ళే ముందు సన్‌స్క్రీన్ రాసుకో. మబ్బుగా ఉన్నా రాసుకో. స్టూడియోకి వెళ్ళే ముందు ముఖం గోరువెచ్చని నీళ్ళతో కడుక్కో, తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజరు పట్టించు. అది ఇంకేదాకా తీరిగ్గా టీ తాగు, ఆ తర్వాతే మీ మేకప్ మాస్టారి చేతికి ముఖం అప్పజెప్పు. ఇంటికొచ్చాక ఎంత నిద్రొస్తున్నా రంగుతో పడుకోకు. దూదితో నూనె అద్ది తుడిచెయ్యి. చర్మానికీ ఊపిరి ఆడాలి.

నీ ఉంగరం కనబడలేదు. కాగితాలు సర్దుతున్నప్పుడు చూశాను. ఎక్కడన్నా పోగొట్టావా?

పాప ఎవరి పోలికో రాయి. మీ నాన్న ఈ మధ్య నీతో ఏమైనా మాట్లాడాడా? ఊరికే అడుగుతున్నాను.

మీ రంగులత్త

*

ఇల్లు, మూడో అంతస్తు
గురువారం

రంగులత్తకి,

నీ ఉత్తరం మా మేకప్ మాస్టారికి చదివి వినిపించాను. గులాబీ పౌడరు దగ్గరికొచ్చేసరికి ఆయన ముఖం కూడా గులాబీ రంగుకి తిరిగింది. మర్నాటి నుంచి డబ్బా మార్చాడు. చూశావా, చెవులు వినబడకపోయినా నీ మాట ఇంకా చెల్లుతూనే ఉంది.

ఉంగరం పోలేదు, బీరువాలో ఉంది. వేళ్ళు వాచి, సబ్బు రాసి ఊడదీయాల్సి వచ్చింది. కాళ్ళ సంగతి అడగనే అడక్కు. నా చెప్పులేవీ పట్టడం లేదు. టీవీలో నడుము పైనే కదా కనబడేది, బల్ల కింద మా ఆయన స్లిప్పర్లు వేసుకుని వార్తలు చదువుతున్నాను. పైన పట్టుచీర, కింద మగవాళ్ళ స్లిప్పర్లు. కెమెరా ఎప్పుడైనా కిందికి జారితే నా ఉద్యోగం అంతే.

మా అత్తగారు బంగారం. పాపని పూర్తిగా తనే చూసుకుంటోంది. పాపకి మూడో నెల నడుస్తోంది, అచ్చం మా ఆయన నుదురు. బడిలో లెక్కలు చెప్పీ చెప్పీ ఆయనకి పడ్డ గీత, దీనికి పుట్టుకతోనే వచ్చింది. నా వాపు చూసి అత్తగారు, కాన్పయిన ఒళ్ళు నీరు పట్టడం మామూలే, తనకీ అలాగే ఉండేదని చెప్పింది. మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. రెండో అంతస్తు దగ్గర ఆగి, పక్కింటావిడతో కబుర్లు చెబుతున్నట్టు నటించి, ఊపిరి తీసుకుని మళ్ళీ ఎక్కుతున్నాను. పెరిగిన ఒళ్ళు తగ్గితే అదే సర్దుకుంటుందిలే.

ఇంత త్వరగా ఎందుకు వచ్చానని నువ్వు అడగలేదు గానీ చెబుతాను. నేను లేనప్పుడు నా వార్తలు చదివిన అమ్మాయి బాగా చదువుతోంది. బాగా అంటే బాగానే. ఇంకో నెల ఆగితే ఆ కుర్చీ నాది కాదు.

నీకో పని. కళ్ళ కింద నలుపు ఎంత పూసినా పైకి తేలుతోంది. పెదవులు కూడా ఒక రకంగా ఉన్నాయి, లిప్‌స్టిక్ వేసిన కాసేపటికి రంగు చచ్చిపోతోంది. మా మాస్టారికి తోచడం లేదు. నీ దగ్గర మందేదైనా ఉందా?

నాన్న ఫోన్ చేస్తున్నాడు. పాప గురించి అడుగుతాడు, నా గురించి అడిగి నేను జవాబు చెప్పేలోపే పెట్టేస్తాడు. ఎందుకు అడిగావు?

పిచిక

*

మేకప్ గది
ఆదివారం, ఆట లేని రోజు

పిచికకి,

నీకు మందు పంపుతున్నాను. ఇది స్టేజి మందు, జాగ్రత్తగా వాడు.

కళ్ళ కింద నీలంగా ఉండే నలుపుకి నారింజ రంగు క్రీము చుక్కలుగా పెట్టి వేలి కొసతో అద్దు. రుద్దొద్దు, అక్కడి చర్మం ఉల్లిపొర లాంటిది. దాని మీద నీ బేసు. పెదవులకి కూడా అంతే, ముందు అదే నారింజ రంగు పలుచగా వేసి, ఇటుక రంగు లిప్‌స్టిక్ వెయ్యమను. అడుగునున్న రంగు ఏదైనా పైకి రాదు. చచ్చిన రాజు వేషానికి ఉన్న నీలం పూత చెరక్కుండా, దాని మీదే ప్రాణమున్న రంగు వేసి అదే నటుణ్ణి తర్వాతి సీన్లోకి పంపేదాన్ని నేను. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు.

నిన్నటి వార్తల్లో నీ పై పెదవి మీద చెమట చూశాను. స్టూడియోలో ఏసీ ఆగిపోయిందా? పక్కనున్న ఆయన కోటు వేసుకుని హాయిగా కూర్చున్నాడు మరి. ఒకచోట నువ్వు వాక్యం మధ్యలో ఆగావు. నీ మాట నాకు వినబడదు గానీ నువ్వు ఊపిరి తీసుకోవడం కనబడుతుంది. ఇదివరకు ఒక ఊపిరికి రెండు వాక్యాలు లాగేదానివి. ఇప్పుడు ఒక వాక్యానికి రెండు సార్లు భుజాలు లేస్తున్నాయి. రాత్రి సరిగ్గా పడుకుంటున్నావా? వెల్లకిలా పడుకోగలుగుతున్నావా? దీనికి జవాబు తప్పకుండా రాయి.

ఉప్పు తగ్గించు. డాక్టరుకి ఒకసారి చూపించుకో. వాపు, ఆయాసం రెండూ చెప్పు. ఒకటి చెప్పి రెండోది మింగకు.

మీ నాన్నకి నేను వేరేగా ఉత్తరం రాశాను.

రంగులత్త

*

ఇల్లు
చలి మొదలైంది, బుధవారం

రంగులత్తకి,

నీ నారింజ మందు అద్భుతం. మా ఎడిటరు గారు నన్ను ఆపి, కాన్పు తర్వాత ముఖంలో కళ వచ్చిందన్నాడు. నా బదులు వార్తలు చదివిన ఆ అమ్మాయి కూడా పక్కనే ఉంది. నాకెంత సంబరంగా ఉందో చెప్పలేను.

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నువ్వు చెప్పినట్టే రెండూ చెప్పాను. వార్తలు ముగించి నేరుగా అటే వెళ్ళాను కాబట్టి ముఖానికి రంగు అలాగే ఉంది. ఆవిడ నన్ను చూసి నవ్వి, టీవీలో కంటే బయటే బాగున్నారు, మీకేం జబ్బండీ అంది. రెప్ప కింద చూసింది, కాస్త రక్తం తక్కువుందని ఇనుము మాత్రలు రాసింది. చంటిపిల్ల, ఉద్యోగం, నిద్ర లేకపోవడం, ఎవరికైనా ఇలాగే ఉంటుందంది. పెదవులు చూసినా ఇటుక రంగే కనబడేది. ఇంక నువ్వు కూడా నెమ్మదించు.

పడుకోవడం గురించి అడిగావు. పడుకుంటే దగ్గు వస్తోంది, గొంతులో ఏదో తడి తడిగా గరగరలాడుతుంది. లేచి కూర్చుంటే తగ్గుతుంది. అందుకని ఈ మధ్య పాపని ఒళ్ళో వేసుకుని పడక్కుర్చీలోనే నిద్రపోతున్నాను. మా అత్తగారు అది చూసి పక్కింటావిడతో, మా కోడలు పిల్లని ఒళ్ళోంచి దించదు తెలుసా అని చెప్పుకుంటోంది. నిజం చెబితే ఆవిడ మురిపెం పోతుందని ఊరుకున్నాను.

నాన్నకి నువ్వేం రాశావు? నిన్న ఫోన్ చేసి, డాక్టరేమన్నాడు, డాక్టరేమన్నాడు అని ఒకటే అడగడం. అమ్మకి కూడా నేను పుట్టాక ఇలాగే నీరు పట్టిందా అని అడిగాను. మీ అమ్మ జ్వరంతో పోయింది కదమ్మా అన్నాడు. నేను అడిగింది అది కాదు. మళ్ళీ అడిగేలోపు పాపకి టీకాలు వేయించారా అని మాట దాటేశాడు.

పిచిక

*

మేకప్ గది
శుక్రవారం

పిచికకి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు పని మీద చెయ్యి ఆడలేదు. నిన్న రాణి వేషానికి ఒక కనుబొమ్మ పైకీ ఒకటి కిందికీ దిద్దాను. పాపం ఆ అమ్మాయి అలాగే స్టేజి ఎక్కింది.

నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యి. కూర్చుని, మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి తియ్యి. గుంట పడి అలాగే ఉండిపోతుందా, వెంటనే నిండుతుందా చూడు. తర్వాత ముఖం శుభ్రంగా తుడుచుకుని, ఒక్క చుక్క రంగు లేకుండా, పగటి వెలుతురులో కిటికీ దగ్గర నిలబడి అద్దంలో పెదవులు చూసుకో. గోళ్ళు చూసుకో. నేను పంపిన ఆ నారింజ డబ్బా చెత్తబుట్టలో పడెయ్యి.

ఆ తర్వాత అదే ముఖంతో ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళు. గుండె డాక్టరు దగ్గరికి. పడుకుంటే ఊపిరి ఆడడం లేదని చెప్పు. దగ్గు అనొద్దు, ఊపిరి ఆడడం లేదు అని చెప్పు. కాన్పయి ఎన్నాళ్ళయిందో చెప్పు.

మా మేనేజరు చేత మీ ఆయనకి ఫోన్ చేయించాను. తప్పకుండా తీసుకెళ్తానన్నాడట. ఎంతో మర్యాదగా మాట్లాడాడట. మర్యాదగా మాట్లాడాడంటేనే నాకు భయంగా ఉంది.

రంగులత్త

*

ఆఫీసు
మంగళవారం

అత్తా,

నీ ఉత్తరం నాకు నచ్చలేదు. మా ఆయనకి ఫోన్ చేయించడం అసలు నచ్చలేదు. ఆయన ఇంటికొచ్చి, మీ మేనత్తకి పెద్దతనం వచ్చింది, ఒక్కత్తే ఉంటుంది కదా, నిన్ను టీవీలో చూస్తూ ఏవేవో ఊహించుకుంటోంది అన్నాడు. వెటకారంగా అనలేదు, జాలిగానే అన్నాడు. నేను నీ తరఫున మాట్లాడలేకపోయాను.

వచ్చే ఆదివారం ప్రత్యేక ప్రసారం ఉంది. పొద్దున్న నుంచి సాయంత్రం దాకా ఒక్కదాన్నే కూర్చోవాలి. అది నాకిచ్చారు, ఆ అమ్మాయికివ్వలేదు. అది అయ్యాక ఏ డాక్టరు దగ్గరికి రమ్మంటే ఆ డాక్టరు దగ్గరికి వస్తాను. అప్పటిదాకా నన్ను భయపెట్టకు. నాకు భయపడే తీరిక లేదు.

నొక్కి చూశాను. గుంట పడింది. పిండి ముద్ద మీద వేలు పెట్టినట్టు పడి, నేను చీర కుచ్చిళ్ళు సర్దుకునేదాకా అలాగే ఉంది. కిటికీ దగ్గర మాత్రం నిలబడలేదు. నిలబడాలనిపించలేదు.

నీకు ఏదో తెలుసు. నాన్నకీ తెలుసు. ఇద్దరూ కలిసి నా చుట్టూ అడుగులో అడుగేసి నడుస్తున్నారు. తెలిస్తే చెప్పు. లేదంటే ఊరుకో.

పిచిక

*

మేకప్ గది
గురువారం పొద్దున

పిచికకి,

చెబుతున్నాను. ఇది మేనేజరు చేత ఫోన్లో చెప్పించే మాట కాదు. ఈ ఉత్తరం కొరియర్లో, నీ ఆఫీసుకే పంపుతున్నాను.

మీ అమ్మ జ్వరంతో పోలేదు.

వదిన టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసేది. నాకు వదినకంటే ముందు స్నేహితురాలు, మీ నాన్నకి పరిచయం చేసిందీ నేనే. సన్నగా, చురుగ్గా ఉండేది, రెండేసి మెట్లు ఒకేసారి ఎక్కేది. నువ్వు కడుపులో ఉన్న చివరి రోజుల్లో కాళ్ళు వాచాయి. కాన్పయ్యాక తగ్గుతాయన్నారు, తగ్గలేదు. పొడి దగ్గు వచ్చింది. పడుకోలేక, గోడకి దిండు ఆనించుకుని, నిన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని నిద్రపోయేది. అందరూ పురిటి నీరసం అన్నారు. నేనూ అన్నాను. ఒక డాక్టరు ఆయాసానికి మందిచ్చాడు. వదిన మాత్రం ఎవరడిగినా బాగానే ఉన్నానని నవ్వేది. నీకు ఇంకా మెడ నిలవలేదు. ఒక రోజు పొద్దున నీకు పాలిచ్చి, నా చేతికిచ్చి, మంచినీళ్ళు తాగడానికి లేచింది. గుమ్మం దాటలేదు.

ఆస్పత్రిలో పెద్ద డాక్టరు తర్వాత మాతో మాట్లాడాడు. కొంతమంది ఆడవాళ్ళకి కాన్పు చుట్టుపక్కల గుండె కండ బలహీనపడిపోతుందట. ఎందుకో ఎవరూ గట్టిగా చెప్పలేరట. నీరసం, వాపు, ఆయాసం అన్నీ కాన్పయిన ఒంటి లక్షణాల్లాగే ఉంటాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరట. కొన్ని కుటుంబాల్లో తల్లికీ కూతురికీ కూడా వస్తుందట. ఈ చివరి మాట అన్నప్పుడు నువ్వు నా భుజం మీద నిద్రపోతున్నావు.

మీ నాన్న ఇంటికొచ్చి నాతో ఒకటే మాట అన్నాడు. "దీనికి జ్వరం అని చెబుదాం. నిజం చెబితే తను పుట్టడం వల్లే అమ్మ పోయిందనుకుంటుంది. జ్వరం అంటే జ్వరాన్ని తిట్టుకుంటుంది, తనని తాను తిట్టుకోదు." నాకు ఆ మాట సబబుగానే అనిపించింది. నువ్వు కడుపుతో ఉన్నావని తెలిశాక చెప్పమని వాణ్ణి అడిగాను. కడుపుతో ఉన్నదాన్ని భయపెట్టకూడదు, కాన్పయ్యాక చెబుతానన్నాడు. కాన్పు తేలిగ్గా అయింది. ఇంకెందుకులే అన్నాడు. మొన్న మళ్ళీ రాశాను, జవాబు లేదు. వాడికి ధైర్యం చాలడం లేదు. వాణ్ణి తర్వాత తిట్టుకుందువుగాని.

ఆదివారం దాకా ఆగొద్దు. ఈ ఉత్తరం చదివిన చోటి నుంచే వెళ్ళు.

రంగులత్త

*

మేకప్ గది
శనివారం

పిచికకి,

నిన్న సాయంత్రం నీ కుర్చీలో ఆ అమ్మాయి కూర్చుంది.

ఉత్తరం నిన్న మధ్యాహ్నానికే అందిందని కొరియర్ వాళ్ళు చెప్పారట. మేనేజరు నీకు చేశాడు, మీ ఆయనకి చేశాడు, ఇంటి నంబరుకి చేశాడు. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదని సైగ చేశాడు. మళ్ళీ చెయ్యమన్నాను. మళ్ళీ అదే సైగ.

నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్ళావు కాబట్టే కుర్చీ ఖాళీ అయిందని ఒకసారి అనుకుంటాను. ఇంకోసారి ఇంకోలా అనుకుంటాను. ఆ అమ్మాయి ముఖంలోకి చూస్తూ కూర్చున్నాను. నీ గురించి తెలిస్తే ముఖంలో ఎక్కడో ఒకచోట బయటపడాలి కదా. ఏమీ కనబడలేదు. చక్కగా నవ్వి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

ఈ ఉత్తరం ఎక్కడికి పంపాలో తెలీక మీ ఇంటికే పంపుతున్నాను. ఎవరు విప్పితే వాళ్ళు ఒక్క ముక్క రాయండి.

*

ఆస్పత్రి, రెండో అంతస్తు
తేదీ తెలీదు, పొద్దున్న

రంగులత్తకి,

బతికే ఉన్నాను. నర్సు పెన్నివ్వలేదు, దుప్పటి మీద గీతలు పడతాయట. పెన్సిలుతో రాస్తున్నాను. ఒకేసారి ఇంత రాయనివ్వరు కాబట్టి దాచుకుంటూ కొంచెం కొంచెంగా రాశాను. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు.

నీ ఉత్తరం మేకప్ కుర్చీలో కూర్చున్నాక ఇచ్చారు. మాస్టారు అప్పటికే బేసు వేసి, పెదవులకి నారింజ రంగు అద్దుతున్నాడు. నువ్వు పడెయ్యమన్నావు, నేను పడెయ్యలేదు. ఉత్తరం చదివాను. రెండోసారి చదవలేదు. అంతా తుడిచెయ్యమన్నాను. ఆయన వార్తలకి టైమవుతోందన్నాడు. తుడవండి మాస్టారూ అన్నాను. తుడుస్తూ తుడుస్తూ ఆయన చెయ్యి ఆగిపోయింది. ఇద్దరం అద్దంలోకి చూశాం. నా పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. ఆయన తుడిచేసిన రంగే నా ముఖం అనుకుంటూ ఇన్నాళ్ళూ తిరిగాను.

మా ఆయన్ని పిలిపించారు. ఆయన రాగానే నా ముఖం చూసి, ఏమైంది ఏమైంది అని ఒకటే అడిగాడు. ఏమీ కాలేదు, రంగు తీశాను అన్నాను. ఆయన అక్కడే మెట్ల మీద కూలబడ్డాడు. పెళ్ళయ్యాక ఆయన్ని అలా చూడటం అదే మొదలు. నేను కూడా ఆ పక్కనే కూర్చున్నాను, లేవలేకపోయాను. ఆఫీసు వాళ్ళు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చి కార్లో పెట్టారు.

ఇక్కడి డాక్టరు నన్ను ఏమీ అడగకముందే నా పెదవులు చూసింది. మెడ పక్క నరం చూసింది. పడుకోబెట్టబోతున్న నర్సుని ఆపి, కూర్చోబెట్టే ఉంచమంది. ముఖానికి ఆక్సిజన్ పెట్టారు. స్కానింగు చేస్తూ తెర వైపు చూసి, పక్కనున్న కుర్ర డాక్టరుకి ఏదో చూపించింది. నేనూ చూశాను. నా గుండె కొట్టుకోవడం లేదు, ఊగుతోంది.

అప్పుడు అడిగింది. "మీ ఇంట్లో ఇదివరకు ఎవరికైనా ఇలా వచ్చిందా?"

"మా అమ్మకి" అన్నాను. "నేను పుట్టినప్పుడు."

నేను ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి. ఆవిడ రాసుకోవడం ఆపి నా వైపు చూసింది. "మంచి పని చేశారు చెప్పి" అంది. తర్వాత చకచకా మందులు మార్చింది.

ఇప్పుడు వాపు తగ్గింది, పడక కొంచెం కిందికి దించారు. పాపకి డబ్బా పాలు పడుతున్నారు, ఈ మందులు వాడుతూ నేను పాలివ్వకూడదు. ఇంకో బిడ్డని కనకూడదు. ఆ మాట డాక్టరు మా ఆయన ముందే, నెమ్మదిగా, రెండుసార్లు చెప్పింది. కొంతమంది గుండె మళ్ళీ మామూలు అవుతుందట, కొంతమందిది ఇలాగే ఉండిపోతుందట. మిగిలిన కొంతమంది గురించి ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. నా పక్క మంచం మీద నాలాంటి ఆవిడే ఉండేది. రెండో కాన్పు. తన పిల్లల ఫొటో చూపించి, ఇంటికెళ్ళగానే పెద్దదానికి జుట్టు కత్తిరించాలి అంది. మొన్న నేను పరీక్షకి వెళ్ళి వచ్చేసరికి ఆ మంచం మీద పరుపు తిరగేసి ఉంది. నర్సుని అడిగాను. కిందికి మార్చారు అంది. ఎక్కడికి అని అడిగితే వినబడనట్టు వెళ్ళిపోయింది.

నాన్న వచ్చాడు. రోజూ వస్తున్నాడు. కాళ్ళ దగ్గర కూర్చుని, దుప్పటి సర్ది, సాయంత్రం లేచి వెళ్తాడు. ఇంకా ఏమీ అనలేదు. నేనూ అనలేదు. ఆయన్ని చూస్తే కోపం వస్తుంది. ఆయన లేచి వెళ్తుంటే ఇంకాసేపు ఉండమని అడగాలనిపిస్తుంది. రెండూ ఒకేసారి.

మా అత్తగారు పాపని తెచ్చి గాజు తలుపు అవతల నుంచి చూపిస్తోంది. దాని మెడ ఇప్పుడిప్పుడే నిలబడుతోంది.

ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. నువ్వు ఆ ఇంట్లోనే ఉన్నావు కదా. అమ్మకి తను పోతున్నానని తెలుసా? నా మీద కోపం వచ్చిందా?

పిచిక

*

మేకప్ గది, తాళం వేసే ముందు

పిచికకి,

నిజమే చెబుతాను, ఇంక నా దగ్గర వేరే ఏమీ లేదు.

తెలీదు. మీ అమ్మకి ఆఖరి నిమిషం దాకా ఏమీ తెలీదు. ఆ రోజు పొద్దున కూడా, నీరసం తగ్గితే ఎక్స్ఛేంజిలో మళ్ళీ చేరాలి, పగటి డ్యూటీ వేయించుకోవాలి అని నాతో అంది. నీ మీద కోపం ఎక్కడిది? ఆయాసం వస్తే నిన్ను ఇంకా దగ్గరికి పొదువుకునేది. నువ్వు గుండెల మీద ఉంటే ఊపిరి బాగా ఆడుతుందనేది. అది నిజమో కాదో తెలీదు. అలా అనేది.

ఆమెకి తెలియనిది నీకు తెలిసింది. దానివల్ల భయం ఎక్కువవుతుంది, నాకు తెలుసు. భయపడు. భయపడుతూనే మందులు వేళకి వేసుకో. కాళ్ళు నొక్కి చూసుకో, ఆయాసం వస్తే దాచకుండా పిలువు. పాప పెద్దదయ్యాక నువ్వే చెప్పాలి, దాని నాన్నో ఇంకో అత్తో కాదు. అప్పటిదాకా ఉంటావా అని నన్ను అడక్కు. ఉండాలి, అంతే.

మీ నాన్నని నువ్వే ముందు పలకరించు. వాడు చిన్నప్పటి నుంచీ అంతే, ఎవరైనా ముందు నోరు విప్పితే గానీ విప్పలేడు. ఏమనాలో తెలీకపోతే మంచినీళ్ళు అడుగు.

నాటకం ఇంకా నడుస్తోంది. రంగులు, కుంచెలు రాణి వేషం అమ్మాయికి అప్పజెప్పాను, ఎవరి ముఖం వాళ్ళే చూసుకోవాలని చెప్పాను. మేనేజరు టికెట్ తెచ్చాడు. పొద్దున బండిలో బయలుదేరుతున్నాను. నువ్వు అక్కడ ఏ వార్డులో ఉన్నావో కాగితం మీద రాసి ఇచ్చాడు, ఎవరినైనా అడిగితే వాళ్ళు చెప్పేది నాకు వినబడదని.

నేను వచ్చేదాకా ముఖానికి ఏమీ రాసుకోకు. నర్సు క్రీము ఇచ్చినా వద్దను. తలుపు దగ్గరే నిలబడి ముందు నీ పెదవులు చూస్తాను.

అత్త